గుమ్మడి దీపం బరువు

పొద్దున్నే టిల్లీ చేసే మొదటి పని తూకం. వంటింటి పక్క గదిలో, కిటికీ కింద, పోస్టాఫీసు కాటాలాంటిది ఒకటి పెట్టుకుంది. ముందురోజు ఆన్‌లైన్ వేలంలో పోయిన సరుకుని ఒక్కొక్కటే దాని మీద పెట్టి, ఔన్సులు చూసి, పోస్టు ఖర్చు నోటితోనే లెక్క కట్టేస్తుంది. ఆ రోజు కాటా మీద నల్ల అట్టపిల్లి ఉంది. హాలోవీన్‌కి గుమ్మానికి తగిలించేది, తొంభై ఏళ్ళ నాటిది. తోక దగ్గర మడత ఉందని ముందే చెప్పి, ఐదు డాలర్లు తగ్గించి పెట్టింది. అయినా నలభై రెండుకి పోయింది.

వంటింట్లో చప్పుడైంది. అరచెయ్యి కాదు, పిడికిలి. ఆ రెండు చప్పుళ్ళకీ తేడా టిల్లీకి చూడకుండానే తెలుసు. తలెత్తి అర మీదికి చూసింది. గుమ్మడి దీపం ఎడమ దవడ లోపలికి పోయింది.

వెర్నా కాఫీ కప్పుతో వచ్చింది. మొహం మీద చిన్న గీత కూడా లేదు.

"దేనికక్కా?"

"గుడ్లు మాడాయట."

"మాడాయా మరి?"

"ఆ, కొంచెం," అని వెర్నా దీపం వైపు చూసింది. "పాపం, మళ్ళీ ఎడమవైపే."

ఒహాయోలో మిల్‌ఫోర్క్ అనే ఊళ్ళో ఆ ఇల్లు అక్కచెల్లెళ్ళిద్దరిదీ. అమ్మమ్మ హెడ్విగ్ నుంచి వచ్చింది. దీపం కూడా ఆవిడదే. కాగితపు గుజ్జుని అచ్చులో పోసి, నారింజ రంగు వేసి, జర్మనీలో చేసినది. కళ్ళకీ నోటికీ లోపలివైపు పల్చటి ఎర్ర కాగితం అతికించి ఉంటుంది. ఆ ఇంటి ఆడవాళ్ళ మీద పడ్డ దెబ్బ వాళ్ళకి తగలదు. దీపానికి తగులుతుంది. ఊళ్ళో అందరికీ తెలుసు. అలాంటి దీపాలు అక్కడక్కడా ఉంటాయని పాత సామాన్ల వ్యాపారం చేసేవాళ్ళకీ తెలుసు. ధర కట్టేటప్పుడు ఆ మాట ఎవరూ ఎత్తరు. సొట్టలు లెక్కపెట్టి అంతకంత కోసేస్తారు.

వెర్నా పెళ్ళయి తొమ్మిదేళ్ళు. మొగుడు గార్త్ కంకర లారీ తోలతాడు. ఈ తొమ్మిదేళ్ళలో దీపం మొహం తొక్కేసిన రొట్టెలా తయారైంది.

"వెళ్ళిపొమ్మను అక్కా వాణ్ణి. ఇల్లు మనదే కదా," అని టిల్లీ ఎన్నిసార్లు అందో.

"నాకేం తగిలిందని పొమ్మనను?"

"తగలకపోతే కొట్టనట్టేనా? బావ చెయ్యి లేవగానే నీ కళ్ళు మూసుకుపోతాయి. వాటికి దీపం ఏం చేస్తుంది?"

వెర్నా కాఫీ ఊదుకుంటూ కిటికీలోంచి బయటికి చూసేది.

అమ్మమ్మ ఇంకో మాట కూడా చెప్పింది, ఆడపిల్లలిద్దరికే. దాన్ని వెలిగించకండి. అమ్మమ్మ చెల్లెలి ఇంట్లోనూ ఇలాంటిదే ఉండేది. ఆవిడ ఒక హాలోవీన్‌కి అందులో కొవ్వొత్తి పెట్టింది. ఆవిడ మొగుడు, ఆ చిన్న తాత, అక్కణ్ణించి చచ్చేదాకా గొట్టంతో జావే తాగాడు. "తీసుకున్నవన్నీ తిరిగిచ్చేస్తుంది, ఎవరివి వాళ్ళకి," అనేది అమ్మమ్మ. ఆ మాటలో చెల్లెలి మొగుణ్ణి తిట్టినట్టూ ఉండేది, చెల్లెల్ని మెచ్చుకున్నట్టూ ఉండేది.

ఆ వసంతంలో సరిగ్గా అలాంటి దీపమే ఆన్‌లైన్‌లో రెండువేల ఆరువందలకి పోయింది. గార్త్ టిల్లీ భుజం మీంచి చూశాడు.

"ఏయ్ మరదలా! అది మన అర మీద ఉన్నదే కదా?"

"అచ్చు అదే. కానీ దానికి సొట్టల్లేవు."

"మనదెంత చేస్తుంది?"

"ఇలాగైతే మూడొందలు. అదీ కళ్ళలో ఎర్ర కాగితం పాతదే కాబట్టి."

గార్త్ మొహం వేలాడిపోయింది. సరిగ్గా అప్పుడు టిల్లీకి బుర్రలో లెక్క వెలిగింది. దెబ్బలు పడని రోజుల్లో సొట్టలు పులిసిన పిండిలా కొంచెం కొంచెం పైకొస్తాయని ఆమె ఎన్నోసార్లు చూసింది.

"ఒక పని చెయ్యి బావా. అక్టోబర్‌దాకా చెయ్యి దించుకో. సొట్టలు వాటంతటవే పోతాయి. అప్పుడు పెడదాం. ఇప్పుడు నువ్వు ఒక్కటేశావంటే మూడొందలు గాల్లో కలిసినట్టే."

"ఒక్కదానికి మూడొందలా?"

"పిడికిలికి. చెంపదెబ్బకి నూటయాభై."

ఆ వేసవంతా గార్త్ వెర్నా మీద చెయ్యి చేసుకోలేదు. పిడికిలి లేచేది, మధ్యలో ఆగేది, పెదాలు కదిలేవి. లెక్క వేసుకుంటున్నాడన్నమాట. ఆ పిడికిలికి వేరే చోటు కావాలి కాబట్టి ఫ్రిజ్ తలుపు పగిలింది. స్నానాల గది గోడకి మోచెయ్యంత కన్నం పడింది. ఆగస్టులో, చనిపోయిన ఒక టీచరమ్మ ఇంట్లో సామాన్లు అమ్ముతుంటే ముగ్గురూ వెళ్ళారు. మేడమీద ఒక రేకుపెట్టె నిండా హాలోవీన్ కాగితపు బొమ్మలున్నాయి. క్లైడ్ అనే ముసలి వ్యాపారి దాని మీద ముందుగా చెయ్యేశాడు.

"ఇది నేను పట్టుకున్నా బాబూ," అన్నాడు క్లైడ్.

"గట్టిగా పట్టుకో అయితే," అని గార్త్ ఆయన వేళ్ళ మీద పెట్టె మూత వేసి, దాని మీద కూర్చున్నాడు. ఎముక విరిగిన చప్పుడు కింద హాల్లోకి వినిపించింది. క్లైడ్ అరవడానికి కూడా ఊపిరందక గోడకి జారిపోయాడు. ఇంటికొచ్చాక టిల్లీ పెట్టె తెరిచింది. లోపల మంత్రగత్తె బొమ్మ, రెండొందలు చేసేది. మూల మీద రక్తం ఆరిపోయి ఉంది.

"మరకకి సగం పోయింది బావా," అంది.

"చూశావా, ముసలాడు చేసిన పని!" అన్నాడు గార్త్.

వెర్నాకి మాత్రం కొత్త ప్రాణం వచ్చింది. "మారాడే. చూస్తున్నావుగా," అనేది. అర మీద దీపం కూడా నిండుగా, గుండ్రంగా నవ్వుతోంది. టిల్లీ దాన్ని తీసుకెళ్ళి కాటా మీద పెట్టింది. మూడు పౌండ్ల రెండు ఔన్సులు, అంటే యాభై ఔన్సులు. రెండువేల ఆరువందలకి పోయినదాని బరువు పదకొండు ఔన్సులని ఆ అమ్మినవాళ్ళు రాశారు. అంటే ముప్ఫై తొమ్మిది ఔన్సులు ఎక్కువ. సొట్టలు పోయాయి, దెబ్బలు పోలేదు. అన్నీ లోపలే ఉన్నాయి.

"అక్కా, ఇది అమ్మేశాక ఏంటి సంగతి? తర్వాతి దెబ్బ దేనికి తగుల్తుంది?"

"తర్వాతి దెబ్బ ఉండదులే."

"ఉంటే?"

వెర్నా చేతిలో గుడ్డతో తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది.

అక్టోబర్‌లో గార్త్ వేలం పెట్టించాడు. మొదట ఫెర్న్ అనే ఆవిడ పెన్సిల్వేనియా నుంచి రాసింది. ధర అడగలేదు. బరువెంత అని అడిగింది. టిల్లీ చెప్పింది. చాలాసేపటికి జవాబొచ్చింది. "అయ్యో, నిండిపోయింది కదమ్మా. నాకు ఖాళీది కావాలి. మీరు జాగ్రత్త." టిల్లీ ఆ మాటని రెండుసార్లు చదువుకుంది.

ఆ తర్వాత అరిజోనా నుంచి ఒక పళ్ళ డాక్టరు దిగాడు. రెండువేల నాలుగొందల దాకా పాడి, లోపల నిజం కొవ్వొత్తి వెలుగుతున్న ఫొటో పంపితే మూడువేలకి తీసుకుంటానన్నాడు.

"వీడెవడో కొత్తవాడు బావా. తెలిసినవాడెవడూ ఆ మాట అడగడు. లోపల మసి పడితే ధర సగానికి పడిపోతుంది," అంది టిల్లీ.

"వాడు ఇస్తానంటున్నాడు, నువ్వు వద్దంటావేంటి? తియ్యి ఫొటో."

ఆదివారం మధ్యాహ్నం పక్కగదిలో తెరలు వేశారు. టిల్లీ లోపల బ్యాటరీ బల్బు పెట్టి చూపించింది.

"ఫ్రిజ్ తలుపు తీసినట్టుంది. కొవ్వొత్తి తే," అన్నాడు గార్త్.

గుమ్మంలో నిలబడ్డ వెర్నా అడుగు ముందుకేసింది. "గార్త్, వద్దు. వెలిగించొద్దంది అమ్మమ్మ. నీ మంచికే చెప్తున్నా."

"చచ్చిన ముసల్దానికి మూడువేలు అక్కర్లేదు. నాకు కావాలి."

"నా మాట విను. అది..."

చెయ్యి లేచింది. ఈసారి మధ్యలో ఆగలేదు. వెర్నా తల పక్కకి తిరిగింది. బల్ల మీద దీపం ఎడమ చెంప, వేసవంతా పొంగిన చెంప, ఒక్కసారిగా లోపలికి కూరుకుపోయింది.

గార్త్ దాన్ని చూసి నెత్తి కొట్టుకున్నాడు. "చూశావా నువ్వు చేసిన పని! నూటయాభై! నూటయాభై తగలేశావు కదే!"

వెర్నా చెంప తడుముకుంది. నొప్పి లేదు. కళ్ళు మాత్రం గట్టిగా మూసుకుని ఉన్నాయి. అవి తెరుచుకోడానికి ఎంతసేపు పట్టిందో టిల్లీ చూసింది, వెర్నాకీ తెలిసింది. తర్వాత ఆమె వంటింట్లోకి వెళ్ళి, సొరుగు లాగి, కొవ్వొత్తి, అగ్గిపెట్టె తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది.

"ఇంద. నువ్వే వెలిగించు," అంది.

టిల్లీ నోరు తెరిచింది. ముప్ఫై తొమ్మిది ఔన్సులు, దాని మీద ఇప్పటిది. నోరు మూసేసి కెమెరా పట్టుకుని గోడ దగ్గరికి జరిగింది.

గార్త్ అగ్గిపుల్ల గీశాడు. ఎర్ర కాగితం వెనక కళ్ళు వెలిగాయి, నోరు వెలిగింది. "అదీ అందమంటే!" అన్నాడు.

టప్‌మని దీపం చెంప బయటికొచ్చింది. గార్త్ తల పక్కకి విసిరేసినట్టు తిరిగింది. ఎవరు కొట్టారన్నట్టు చుట్టూ చూశాడు. రెండోది దవడకి తగిలింది, పిడికిలి. కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు.

"అది మాడిన గుడ్లది," అంది వెర్నా.

లేవబోతుంటే కడుపులో ఒకటి పడింది. మోకాళ్ళ మీద కూలాడు. వీపు మీద పడినదానికి నేలకి అతుక్కుపోయాడు.

"అది ఈస్టర్ నాటిది. ఇది మెట్ల మీద తన్నింది."

పక్కటెముక విరిగింది. క్లైడ్ వేళ్ళ చప్పుడు లాంటిదే. పళ్ళు రెండు బల్ల కిందికి దొర్లాయి. గార్త్ చేతులు అడ్డం పెట్టుకున్నాడు. చేతులు అడ్డుపెడితే ఆగేవి కావవి, నేరుగా ఎముక దగ్గరికే వస్తున్నాయి. ఏడాది వెనక ఏడాది, కొత్తవి ముందు, పాతవి తర్వాత. నేల మీద రక్తం టిల్లీ చెప్పుల దాకా పాకింది.

"వెర్నా! ఆర్పవే! ఆర్పు!" అని నోటినిండా రక్తంతో అరిచాడు.

"అక్కా, చాలు. ఊదెయ్. చచ్చిపోతాడు," అంది టిల్లీ.

"ఇంకా పెళ్ళినాటిది రాలేదు."

వెర్నా దీపం ముందు వంగి నిలబడింది. మొహం మీద ఎర్రటి వెలుగు పడుతోంది. ఆమె కళ్ళార్పడం లేదు. పడుతున్నవి తేలికవుతూ వచ్చాయి. చివరికి ఒక చిన్న లెంపకాయ పడింది. చిన్నపిల్లల్ని అదిలించేటంత. గార్త్ తల కొంచెం కదిలింది, అంతే.

"అదీ," అంది వెర్నా. "ఇంతే ఉండింది. ఆ రోజు ఇంతే ఉండింది."

వంగి కొవ్వొత్తిని ఊదేసింది.

అంబులెన్స్ వెనకే షెరీఫ్ మనిషి వచ్చాడు. ఆ ఊరివాడే. నేలని చూశాడు, ఆడవాళ్ళని చూశాడు, పొగ వాసన వస్తున్న దీపాన్ని చూశాడు.

"ఎవరు వెలిగించారు?"

"ఆయనే," అన్నారిద్దరూ.

"తనంతట తనే?" అని టోపీ తీసి తల గోక్కున్నాడు. "అయితే ఇంక నేను రాసుకోడానికేముంది?"

గార్త్ బతికాడు. దవడని తీగలతో కట్టారు. ఇండియానాలో ఉన్న అన్న వచ్చి తీసుకెళ్ళాడు. సామాన్ల కోసం కూడా గార్త్ ఆ వీధిలోకి రాలేదు.

పళ్ళ డాక్టరుకి ఫొటో వెళ్ళలేదు. దీపం మీద ఒక్క సొట్ట లేదు. లోపలంతా మసి. టిల్లీ కాటా మీద పెట్టింది. పదకొండు ఔన్సులు.

"ఉంచుకుందామా అక్కా?"

"వద్దే. ఇది అర మీద ఉన్నన్నాళ్ళూ నేను ఎవడికో ఒకడికి గుడ్లు వేయించి పెడుతూనే ఉంటాను," అంది వెర్నా.

టిల్లీ ఫెర్న్‌కి రాసింది. ఇప్పుడు ఖాళీ. కానీ లోపల మసి పట్టింది. జవాబు వెంటనే వచ్చింది. "మసి నాకేం పర్లేదమ్మా. త్వరగా పంపగలవా?" మసికి సగం తగ్గించింది టిల్లీ. మిగిలినదాంట్లో సగం వెర్నా తగ్గించమంది. టిల్లీ కాగితం ఉండలు కూరి దీపాన్ని పెట్టెలో సర్దుతుంటే, వెర్నా సొరుగులోంచి ఆ అగ్గిపెట్టే తెచ్చి దీపం నోటి దగ్గర పెట్టింది.

పోస్టాఫీసులో గుమాస్తా లెస్టర్ పెట్టెని కాటా మీద పెట్టాడు. రోజూ అందర్నీ అడిగే మాటే అడిగాడు.

"ఇందులో ప్రమాదమైనది ఏమైనా ఉందా పిల్లా?"

టిల్లీ కాటా మీద ఔన్సులు చూసింది.

"ఇప్పటికైతే లేదు," అంది.