ఈరవ్వ అడిగిన ప్రశ్న

"రొట్టెల రాయి తాకుతుంది," అని గంగారాం తుంచిన ముక్కను పళ్ళెం అంచుకు నెట్టాడు. "బజార్ల పిండి గిర్నీ ఉండంగ ఆ పాత ఇసుర్రాయి ముందర కూసుంటే గిట్లనే ఉంటది. టీచరు నౌకరి చేసేదానివి, నీకు ఇదేం పిచ్చి?"

గంగమణి ఆ ముక్క తీసేసి భర్త పళ్ళెంలో ఇంకో రొట్టె వేసింది. ఆమె ధ్యాస రొట్టె మీద లేదు. పొద్దున ఒక చేత్తో రాయి తిప్పుతూ, ఒడిలో పాఠం పుస్తకం పెట్టుకుని చదివిన మూడు పేజీలు ఇంకా లోపల తిరుగుతూనే ఉన్నాయి. ఒంటిపూట బడి ముగించుకుని ఎల్లారెడ్డి ఎండలో నడిచి వచ్చినా అలసట తెలియలేదు. రేపు ఆదివారం పది గంటలకు కామారెడ్డిలో పరీక్ష. కరస్పాండెన్స్ ఎం.ఏ., తత్వశాస్త్రం. చివరి ఏడాదిలో మూడు పేపర్లు పాసైంది. మిగిలింది ఒక్కటి, మనసు గురించిన పేపరు. ఐదేళ్ళ గడువులో ఇదే చివరి అవకాశం.

"ఎం.ఏ. తెలుగు కట్టినా ప్రమోషన్ వస్తది, దీనితోని ఏమొస్తది మేడం?" అని హెడ్మాస్టరు నవ్వేవాడు. ఏమొస్తుందో ఆమెకూ తెలియదు. పోస్టులో పాఠం వచ్చిన రోజు మాత్రం బడిలో చాక్‌పీసు కూడా చేతిలో తేలిగ్గా ఉండేది.

ఆ పాఠాలను వినేది ఒక్కతే, దోమకొండలో ఉన్న తల్లి ఈరవ్వ. నెలకొకసారి వెళ్ళినప్పుడు, చాటలో ఆకు కత్తిరించుకుంటూ, తంబాకు పోసి బీడీలు చుడుతూ, "ఏం రాసిన్రు బిడ్డా, జెర చెప్పు," అనేది. గంగమణి చెప్పేది. లోకంలో ప్రతిదానికీ ఎంతో కొంత మనసు ఉంటుందన్న వాళ్ళు అన్ని కాలాల్లో ఉన్నారని, దాన్ని సర్వచేతనవాదం అంటారని. గ్రీసు దేశంలో ఒకాయన, అయస్కాంతం ఇనుమును లాగుతుంది కాబట్టి దానికి ఆత్మ ఉందన్నాడని. జైనులు మట్టిలో, నీళ్ళలో, నిప్పులో కూడా జీవం చూశారని. మూడువందల ఏళ్ళ కింద ఇంగ్లండులో ఒక దొరసాని, పదార్థానికి తన సంగతి తనకు తెలుసని పుస్తకాలు రాస్తే జనం పిచ్చిదన్నారని.

ఆ దొరసాని మాట విన్న రోజు ఈరవ్వ బీడీకి దారం చుట్టడం ఆపింది. "అదే మాట మొగోడు చెప్తే ఏమన్నరు?"

"తత్వవేత్త అన్నరు."

"ఆఁ," అని ఈరవ్వ మళ్ళీ దారం అందుకుంది. "రాయికి పాణముందా అని అడగనీకె గన్ని పుస్తకాలా! నేను రోజు లేపుతనే ఉన్న."

నిజమే. ఇసిరే ముందు ఆమె రాతిని అరచేత్తో ఒకసారి తట్టేది. "లే అవ్వా, తెల్లారింది," అనేది. గంగమణి చిన్నప్పుడు రాయి నిద్రపోతుందనే అనుకునేది.

ఆ రోజు బస్సుకు లేస్తుంటే ఈరవ్వ ఒక మాట అడిగింది. పుస్తకం వైపు చూడకుండా, తంబాకు అంటిన తన వేళ్ళను చూసుకుంటూ అడిగింది. "గింజగింజకు ఇంతింత తెలివి ఉన్నదే అనుకో బిడ్డా. అన్ని ఏసి ఇసిరినంక, ఆ పిండిల ఎవలి తెలివి మిగులుతది?"

"వచ్చే పాఠంల ఉంటదేమో అవ్వా. చదివి చెప్త," అంది గంగమణి.

వచ్చే పాఠం, ఈరవ్వ పోయిన పదహారో రోజున వచ్చింది. మూడు రోజుల సెలవు తరువాత గంగమణి బడికి వెళ్తూనే ఉంది. హాజరు వేసింది, ఎక్కాలు అప్పజెప్పించుకుంది, ఎవరి ముందూ ఏడవలేదు. ఇంటర్వెల్‌లో కవరు చించి, నిలబడే చదవడం మొదలుపెట్టింది. సర్వచేతనవాదానికి అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇదేనట. చిన్న చిన్న మనసులు ఎన్నో కలిస్తే ఒక్క మనసు ఎట్లా అవుతుంది? కలిశాక ఆ చిన్నవి ఏమవుతాయి? పెద్ద పెద్దవాళ్ళు అడిగారు. ఇప్పటికీ ఎవరూ తృప్తిగా జవాబు చెప్పలేదు.

గంగమణి ఆ వాక్యాలు మళ్ళీ చదివింది. "అవ్వా, నువ్వు అడిగిందే అడిగిన్రు!" అని పైకే అంది. సంచి భుజాన వేసుకుని బస్టాండు వైపు నాలుగడుగులు వేసింది కూడా. గేటు దగ్గరికి వచ్చాక గుర్తొచ్చింది, దోమకొండలో ఇప్పుడు వినేవాళ్ళు లేరని.

ఆ ఆదివారమే వెళ్ళి ఇసుర్రాయిని గోనెసంచిలో కట్టి బస్సులో తెచ్చుకుంది.

"ఇగో, ఇంటున్నవా?" గంగారాం గొంతుకు ఆమె తల ఎత్తింది. "రేపు మా సారు, వాళ్ళింటోళ్ళు పగటి భోజనానికి వస్తున్నరు. కోడికూర, వంకాయ చేయి. పరీక్ష గిరీక్ష అని సామాన్లు సదరకు."

గోడమీద కాలెండర్లో రేపటి తేదీ చుట్టూ ఎర్రపెన్సిలు గీత నెల రోజుల నుంచి ఉంది. గంగమణి దాన్ని చూసింది. "ఇదే ఆఖరిసారి. రేపు రాయకపోతే మూడు పేపర్లు కూడ పోతయి."

"పోనీ. ఇప్పుడు దానితోని అయ్యేదేమున్నది? ఇంట్ల అందరం అనుకున్నం, ఇగ ఈ సదువు చాలని."

"ఎవరెవరు అనుకున్నరు?"

గంగారాం ఆ ప్రశ్నను ఊహించలేదు. "ఎవరెవరేంది? ఇంట్ల అందరం."

తలుపు దగ్గర ఎల్లిపాయలు ఒలుస్తున్న అత్త ఎంకవ్వ తల ఎత్తకుండానే అంది, "నన్నైతే ఎవలు అడగలే."

"నీకేం తెలుసమ్మా, నువ్వుండు!" అని గంగారాం చెయ్యి కడిగి విసురుగా లేచాడు. ఎంగిలి పళ్ళెం తీస్తున్న గంగమణి వేళ్ళ మీద అతని మడమ పడింది. అతను చూడలేదు. రెండడుగులు వేశాక వసారాలో ఇసుర్రాయికి బొటనవేలు తగిలింది. టక్కున ఆగాడు. వంగి, రాతిని తాకి, ఆ వేళ్ళు కళ్ళకు అద్దుకుని బయటికి పోయాడు.

గంగమణి నలిగిన వేళ్ళను ఇంకో చేత్తో పట్టుకుని అట్లాగే కూర్చుంది. కోపం రావాలి. దానికి బదులు నవ్వు వచ్చింది. ఈయనా సర్వచేతనవాదే! రాయికి నొప్పి తెలుస్తుందని ఒప్పుకునేవాడే. కాకపోతే ఆయన జాబితాలో ఒకటి తగ్గింది. కాదు, రెండు. ఎంకవ్వ ఎల్లిపాయ పొట్టు ఊదుకుంటూ ఆమెనే చూస్తోంది.

ఆ చూపులో చూపు కలిసినప్పుడు గంగమణికి పిండి గురించి ఈరవ్వ అడిగిన మాట గుర్తొచ్చింది. తొమ్మిది మంది ఉన్న ఇంటికి పధ్నాలుగేళ్ళకు కోడలై వచ్చి, ఆ తొమ్మిది మందికీ తెల్లవారుజామునే జొన్నలు ఇసిరిన మనిషి అడిగిన ప్రశ్న అది. తను ఇన్ని రోజులూ అది పాఠం గురించి అనుకుంది. ఇంట్ల అందరం. అన్నీ వేసి తిప్పితే ఒకటే మాట, తెల్లగా, మెత్తగా. అందులో ఈరవ్వ ఎక్కడ? ఎంకవ్వ ఎక్కడ? పాఠం రాసినవాళ్ళకు ఈ ఉదాహరణ తట్టలేదు. ఇది రాయాలి. ఎవరో ఒకరు దీన్ని కాగితం మీద పెట్టాలి.  పళ్ళెం అక్కడే వదిలి పెన్నులో సిరా ఉందో లేదో చూసుకుంది.

"అత్తమ్మా, పొద్దుగాల ఆరున్నర బస్సుకు కామారెడ్డి పోతున్న."

ఎంకవ్వ ఒలిచిన ఎల్లిపాయలను ఒక పక్కకు తీసింది. "కూర్ల ఉప్పేసి పో. నాకు అందాజ లేదు."

"ఉప్పు కూడ మీరే ఏయుండ్రి. తక్కువైతే తినేటోళ్ళు చెప్తరు."

"వాడు లొల్లి చేస్తడు."

"చేస్తడు," అంది గంగమణి. "నేను సాయంత్రం వస్త. అప్పుడు నాతోని చేయమను."

కామారెడ్డి పరీక్ష హాల్లో ఫ్యాను తిరగడం లేదు. ప్రశ్నపత్రంలో ఐదోది చదవగానే ఆమె కుర్చీలో ముందుకు జరిగింది. సర్వచేతనవాదం మీద ఉన్న ముఖ్యమైన ఆక్షేపణను సోదాహరణంగా చర్చించండి. రాసింది. గ్రీసు ఆయన్ను రాసింది, జైనులను రాసింది, పిచ్చిదనిపించుకున్న దొరసానిని రాసింది. చెమట కాగితం మీద పడకుండా కొంగు చేతికి చుట్టుకుని రాసింది. అదనపు కాగితాలు రెండుసార్లు అడిగింది. గింజల మాట రాసింది, ఇంటి మాట రాసింది. పిండిలో కలిసిపోయినవాళ్ళను లెక్కలోకి తీసుకోకుండా అందరిదీ ఒకే మనసు అనడం సిద్ధాంతం కాదని, అది కేవలం ఒకరి గొంతు అని రాసింది.

చివరి గంట కొట్టడానికి రెండు నిమిషాలున్నాయి. ఆమె ఇంకో వాక్యం చేర్చింది. "ఈ ఆక్షేపణను పాఠంలో చదవకముందే నాకు చెప్పినవారు ఈరవ్వ, దోమకొండ, బీడీ కార్మికురాలు."

పరీక్షలో ముఖ్యమైన పేర్లు దిద్దేవారికి కనబడాలంటే కింద గీత గీయాలని ఆమె బడి పిల్లలకు చెప్పే పద్ధతే తనకూ అలవాటు. పెన్నుల పెట్టెలోంచి స్కేలు తీసింది. ఒక్కొక్క తత్వవేత్త పేరు కిందా గీస్తూ చివరి వాక్యం దాకా వచ్చింది. స్కేలును సరిగ్గా ఆనించి, ఈరవ్వ కింద గీత గీసింది.