మైనం కార్చిన స్తంభం

మా ఆయన జాండర్ ఇనుప స్తంభాల వర్తకుడు. జర్మనీలో హనోవర్ దగ్గరి పల్లె నుంచి మేం మెల్‌బోర్న్‌లో దిగి ఇరవై ఆరేళ్లయింది. స్కాట్లండ్ ఓడల్లో వచ్చే ప్రతి పోత స్తంభాన్నీ ఆయన దుంగల మీద పడుకోబెట్టి, సుత్తితో మూడు చోట్ల కొట్టి వినేవాడు. మంచిది చర్చి గంటలా మోగుతుంది. లోపల బోలుంటే మూలుగుతుంది. మోగినదాని మీద సుద్దతో సున్నా గీసి, మధ్యలో చుక్క పెట్టేవాడు. ఆ సున్నా చూశాక ఈ ఊరి మేస్త్రీలు మరో మాట అడిగేవారు కాదు.

ఆరేళ్ల కిందట ఆయన చెవులు పోయాయి. ముందు పిట్టలు పోయాయి, తర్వాత గోడ గడియారం, ఆ తర్వాత నేను. నా గొంతు పోయినందుకు ఆయన పెద్దగా బాధపడినట్టు లేదు. సుత్తి మోత పోయిన రోజు మాత్రం అన్నం ముట్టలేదు.

అప్పట్నుంచి నేను కాఫీ కూజా పట్టుకుని యార్డుకు వెళ్లడం మొదలుపెట్టాను. ఆయన కొడతాడు, నేను ఎదురుగా నిలబడతాను. మోత చెడ్డదైతే తలగుడ్డ ముడి సర్దుకుంటాను, అదే మా రహస్య సైగ. "జాండరమ్మ మొగుణ్ణి వదిలి గంట ఉండలేదు" అని పనివాళ్లు నవ్వుకునేవారు. ఎండలో కాళ్లు పీకుతుంటే, యాభై నాలుగేళ్లొచ్చాక నాకు ఈ సరసం ఒకటే తక్కువైందనుకునేదాన్ని.

నవంబరులో తొమ్మిది రోజులు జ్వరంతో మంచం పట్టాను. ట్రెవాస్కిస్ అనే మేస్త్రీ మద్యం అమ్మని కొత్త హోటల్ కడుతున్నాడు. దానికి నలభై స్తంభాలు అప్పుడే దిగాయి. "అన్నీ చూసి పంపేశా" అన్నాడు మా ఆయన. ఎలా చూశాడో నేను అడగలేదు. అడిగే ఓపిక లేదు. నిజం చెప్పాలంటే, అడగాలనీ లేదు.

జనవరి ఇక్కడ నడివేసవి. ఉత్తరపు వడగాలి కొట్టిన ఒక రోజు క్యాబేజీ కొనుక్కుని ఆ హోటల్ పక్కగా వస్తున్నాను. కింది స్తంభాల మీద రెండో అంతస్తు గోడలు లేస్తున్నాయి. ఎండ పడుతున్న ఒక స్తంభం మీద, మా చుక్క సున్నా కిందే, నల్లటి చార కనబడింది. ముట్టుకుంటే వేలికంటింది. కొవ్వొత్తి వాసన. పోత పోసిన దొంగలు బొక్కలో మైనం, ఇనుప రజను, మసి కలిపి కూరి, పైన రంగేసి పంపారు. ఎండకి కరిగి కారుతోంది. పైన ఇటుకలు పేర్చేవాళ్లు పాడుకుంటున్నారు.

చెబితే ఆ సున్నాకి విలువ పోతుంది, ఆయన బతుకంతా ఆ సున్నాయే. చెప్పకపోతే పైనున్న వాళ్లు బతకరు. యార్డుకు నడిచి ఆయనకి నా వేలు చూపించాను. వాసన చూడగానే ఆయనకి అర్థమైంది.

"ఎన్ని విన్నారు?" నోరు పెద్దగా తెరిచి, పెదాలు కనబడేలా అడిగాను.

"ఒక్కటీ వినలేదే. నీకు జ్వరం, ట్రెవాస్కిస్‌కి తొందర. ఆగమంటే ఎందుకంటాడు. సుత్తి అదురు చేతికి తెలుస్తుందిలే అనుకున్నా."

"నాతో అనొచ్చుగా!"

"నువ్వు అడగలేదుగా."

ఒళ్లు మండింది. ఆ మాట నిజం కాబట్టి ఇంకా మండింది.

ఇద్దరం కాళ్లీడ్చుకుంటూ హోటల్ దగ్గరికి వెళ్లాం. "మీ సున్నా ఉందిగా జాండర్ గారూ, మళ్లీ ఏంటి?" అన్నాడు ట్రెవాస్కిస్.

"మనుషుల్ని దింపండి. నాకు చెవుడు. ఆరేళ్లుగా వింటున్నది మా ఆవిడ. వీటిని ఎవరూ వినలేదు."

ట్రెవాస్కిస్ నన్ను ఎగాదిగా చూశాడు. "అంటే ఇన్నాళ్లూ కాఫీ కూజాని నమ్మి మేడలు కట్టామా?"

"కట్టినవాటిలో ఒక్కటి కూలిందా?" అన్నాను.

అతను ఈల వేసి అందర్నీ కిందికి దింపాడు.

అందరి ముందూ సుత్తి నేనే పట్టుకున్నాను. మీద బరువుంటే మోత మందగిస్తుంది కానీ తేడా తెలుస్తుంది. చెడ్డది దొరికినప్పుడల్లా మా ఆయన చొక్కా చేత్తో సున్నా తుడిచేశాడు. నాలుగోది తుడుస్తుండగా ట్రెవాస్కిస్ దగ్గరికొచ్చి, ఆయన మొహంలోకి చూస్తూ నిదానంగా చెప్పాడు. "ఇవి మార్చివ్వండి. ఇక మీ దగ్గర కొనను. మిగతా మేస్త్రీలకి చెప్పకుండా ఉండలేను."

"చెప్పండి" అన్నాడు మా ఆయన.

ఇంకొక్కటే మిగిలింది. ఆయన నిలబడలేక దానికి నుదురు ఆనించి కళ్లు మూసుకున్నాడు. నేను కొట్టాను. ఉలిక్కిపడ్డాడు.

"ఏమే, మోగింది."

మంచిదేనని తలూపాను.

"నిన్నడగట్లేదే. నాకు వినబడింది. తలలో మోగింది."

మళ్లీ కొట్టమన్నాడు. కొట్టాను. ఇలా నుదురు ఆనించి ఉంటే చాలు, ఆరేళ్లూ ఆయనకి వినబడి ఉండేది. నా జ్వరం రోజుల్లోనూ వినబడి ఉండేది. చెయ్యి పడిపోతున్నా ఆయన చాలనేదాకా కొడుతూనే ఉన్నాను.