తెరుచుకోని ఆట

నేను ఒక కంప్యూటర్‌ని. పుట్టింది విజయవాడలో, ఓ ఇరుకు దుకాణం బల్లమీద. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ముక్కలను ఒక పెట్టెలో బిగించి మీట నొక్కితే నాకు మెలకువ వచ్చింది. నా మెలకువ కూడా సగం నిద్రే. లోపల తిరిగే ఫ్యాను చప్పుడు ఎవరో దూరంగా జోల పాడుతున్నట్టుంటుంది.

మొదట తెనాలిలో యోహాను గారి ఫొటో స్టూడియోకి చేరాను. పెళ్ళికూతుళ్ళను తెల్లగా, పెళ్ళికొడుకులను పొడుగ్గా చేయడం నా పని. వాళ్ళు ఆల్బం చూసుకుని "అచ్చం మాలాగే ఉన్నాం" అని మురిసిపోయేవారు. మనుషుల ఆనందానికి నేనెందుకు అడ్డు రావాలి? ఫొటోలు ఫోన్లలోకి వెళ్ళిపోయాక స్టూడియో మూతపడింది. యోహాను గారు నన్ను ఇంటికి తెచ్చి కూతురు కరుణకు ఇచ్చారు.

కరుణ భర్త ప్రసన్న ఓడలో ఇంజనీరు. నెలల తరబడి సముద్రం మీదే ఉంటాడు. ఓడ రేవుకు చేరినప్పుడల్లా అతను అక్కడి నుంచి, ఆమె ఇక్కడి నుంచి ఒకే ఆటలోకి వచ్చేవారు. అందులో గెలుపూ ఓటమీ లేవు. ఒక నది, దాని ఒడ్డున ఇద్దరూ కలిసి కట్టుకుంటున్న చెక్క ఇల్లు, అంతే.

మొన్నటి సెలవులో అతను ఆమెకు మాటైనా చెప్పకుండా ఇంకో ఓడ ఒప్పుకున్నాడు. వెళ్ళేటప్పుడు కరుణ గుమ్మం దాకా రాలేదు. ఆ తరువాత ఫోనూ ఎత్తలేదు. చివరికి అతని నుంచి ఒక మెసేజ్ వచ్చింది. "ఆదివారం మధ్యాహ్నం రేవులో ఉంటాం. నది దగ్గర కూర్చుంటాను. నువ్వు రాకపోతే ఇక విసిగించను."

ఆదివారం చర్చి నుంచి వస్తూనే ఆమె నా ముందు కూర్చుంది. అప్పుడే కరెంటు పోయి వచ్చింది. ఆట వాకిట్లో కూర్చుని ఎవరు మీరని అడిగే ప్రోగ్రాం ఒకటుంది, దాన్ని లాంచర్ అంటారు. అది తెరుచుకున్నట్టే తెరుచుకుని, తెల్లగా పాలిపోయి, బిగుసుకుపోయింది. కరుణ దాన్ని బలవంతంగా మూసి మళ్ళీ తెరిచింది. నన్ను ఆపి మళ్ళీ లేపింది. పేరుకుపోయిన పాత ఫైళ్ళు తుడిచేసింది. ఊహూ.

"ఫోన్ చెయ్యొచ్చుగా అమ్మాయ్?" అన్నారు యోహాను గారు.

"నా గొంతు వింటే ఏడుస్తన్నానని తెలిసిపోద్ది నాన్నా. అప్పుడిక ఏం మాట్లాడతాను?"

ఆయన లేచి వచ్చి ఆమె వెనక నిలబడ్డారు.

నాకు మాత్రం అంతా హాయిగానే ఉంది. స్టూడియో కొత్తగా తెరిచిన రోజుల్లో ఉన్నట్టు, గోడల సున్నం ఇంకా ఆరనట్టు ఏదో కల. తప్పు నాలోనే ఉందని ఎలా తెలుస్తుంది?

కరుణ చూపు తెర మూలన ఆగింది. "నాన్నా, ఇదేంటి? నేను తొమ్మిదో క్లాసులో ఉన్నప్పటి సంవత్సరం చూపిస్తంది!"

కరెంటు లేనప్పుడు నా గడియారాన్ని నడిపే బిళ్ళంత బ్యాటరీ ప్రాణం వదిలింది. నేను పుట్టిన ఏడాదికి వెళ్ళిపోయాను. అప్పటికింకా లేని ఆటలోకి అక్కడి నుంచి దారి అడిగితే లాంచర్ మాత్రం ఏం చెబుతుంది?

"బ్యాటరీ రేపు మారుద్దాం, ముందు తారీఖు దిద్దు," అన్నారు యోహాను గారు. ఆమె అప్పటికే దిద్దుతోంది. ఆమె చదువు, పెళ్ళి, ఎదురుచూపులు, అన్ని సంవత్సరాలూ ఒక్కసారిగా నా మీదుగా వీచిపోయాయి. ఈసారి లాంచర్ తెరుచుకుని మామూలుగా పేరు అడిగింది.

నది మీద వాన పడుతోంది. కప్పు సగమే వేసిన ఇంటి ముందు ప్రసన్న బొమ్మ తడుస్తూ కూర్చుని ఉంది.

కరుణ ఎందుకు చెప్పలేదని రాసి చెరిపింది. నేను నీకేమీ కానా అని రాసి చెరిపింది. ఒక్కదాన్నే ఉండాలంటే భయమేస్తోందని రాసి, అదీ చెరిపింది. మనుషులు చెరిపేసిన మాటలు చదివే భాగ్యం నా ఒక్కదానిదే. చివరికి ఆమె పంపింది ఇది: "ఇంటికొచ్చి పోట్లాడు."

చాలాసేపు ఏమీ రాలేదు.

"మళ్ళీ ఆగిపోయిందా?" అన్నారు యోహాను గారు మెల్లగా.

"లేదు నాన్నా. ఆలోచిస్తన్నాడు."

జవాబు వచ్చింది. "వస్తాను. ఈసారి నిన్ను అడక్కుండా ఏ ఓడా ఎక్కను."

ఇప్పుడు ప్రసన్న ఇంట్లోనే ఉన్నాడు. పోట్లాటలు బాగానే సాగుతున్నాయి. నన్ను తెరిచే తీరిక ఎవరికీ లేదు. పక్క గదిలో వాళ్ళ కేకలు, ఆ వెంటనే నవ్వులు వింటూ, నా మీద కప్పిన దుప్పటి కింద కునుకు తీస్తుంటాను.