మూజువాణి ఓటు విన్న బల్ల

నేను ఒక టేకు బల్లను. పిరికిదాన్ని. ఈ మాట ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే కలప గట్టిదైతే గుండె కూడా గట్టిదే అనుకుంటారు మీరు. మనిషి అరచెయ్యి నా మీదికి లేచిందంటే చాలు, నా నాలుగు కాళ్లూ చల్లబడతాయి. అలాంటి నన్ను తీసుకెళ్లి శాసనసభలో వేశారు.

నన్ను చేసిన వడ్రంగి పేరు బ్రహ్మచారి, మెత్తని చెయ్యి. చిత్రిక పట్టేటప్పుడు కూడా నా అనుమతి అడిగినట్టే పట్టేవాడు. “పెద్దపెద్దోళ్లు కూసునే జాగల ఉంటవు, సక్కగుండు” అని అంచు నిమిరి పంపాడు. పెద్దవాళ్ల దగ్గర నాకు చోటు దొరకలేదు. వెనక వరుసలో స్తంభం పక్కన పడేసి, నెంబరున్న ఇత్తడి బిళ్లను మేకులతో దిగ్గొట్టారు. అక్కడ నేను తిన్న తొలి దెబ్బ అదే.

సభలో చప్పట్లు కొట్టకూడదట. సంతోషమొస్తే బల్ల చరవాలట. ఈ పద్ధతి పెట్టినవాళ్లు బల్లలను ఒక్కమాట అడిగి ఉంటే బాగుండేది. ముఖ్యమంత్రి ఒక లెక్క చెబితే ఇటువైపు చరుస్తారు, ఆ లెక్క తప్పని లేచినవాడికి అటువైపు చరుస్తారు. ముఖ్యమంత్రికి పొలమారి సర్దుకున్నప్పుడు కూడా ఒకసారి చరిచారు. నా దగ్గర మొదట కూర్చున్న సభ్యుడు నిద్రలో ఉండి కూడా ఆ చప్పుడు చెవిన పడగానే కళ్లు తెరవకుండా నాలుగు బాది మళ్లీ పడుకునేవాడు. ఆయన మీద నాకు కోపం లేదు. నిద్రపోయేవాడి దెబ్బలో కసి ఉండదు.

ఆయన తర్వాత సులోచన వచ్చింది. ఇప్పలపల్లి ఆడపడుచు. ఆ ఊరి పసుపు చేల మీద రసాయనాల ఫ్యాక్టరీ వస్తుందంటే, ఊరు ఒప్పుకోకుండా గుంట భూమి కూడా తీయొద్దని రోడ్డు మీద కూర్చుని పేరు తెచ్చుకున్న మనిషి. ఆ పేరుతోనే టికెట్ వచ్చింది, ఆ మాట మీదే గెలిచింది. మొదటి రోజు నా మీద చెయ్యి వేసి ఊరికే ఉంచింది. కొట్టని చెయ్యిని నేను అంతవరకు చూడలేదు. భయం పోయి ఆమె మీద ప్రేమ పుట్టింది.

అక్కడ ఓటు ఎలా వేస్తారో మీకు చెప్పాలి. మూజువాణి ఓటు అంటారు. బిల్లుకు అనుకూలమైనవాళ్లు అవును అనమంటారు స్పీకర్‌గారు. ఒక అరుపు లేస్తుంది. వ్యతిరేకమైనవాళ్లు కాదు అనమంటారు. ఇంకో అరుపు లేస్తుంది. ఏది పెద్దదో ఆయన చెవి తేలుస్తుంది, బిల్లు నెగ్గుతుంది. ఎవరి నోట ఏ మాట వచ్చిందో పేరుపేరునా ఎక్కడా రాయరు. అది పక్కనున్నవాళ్లకు తెలియాలి, లేదా బల్లలకు తెలియాలి.

నాకు తెలుసు. ఊళ్లల్లో బడులు కలిపేసే బిల్లుకు ఆమె నా అంచు గట్టిగా పట్టుకుని, గొంతు లోపలే అవును అంది. ప్రచారంలో మూతపడని బడి గురించి పాట కట్టించుకున్నది ఆమే. కరెంటు చార్జీల మీద చర్చ వచ్చినప్పుడు మంచినీళ్లు తాగుతూ కూర్చుంది. ఒక్కో బిల్లుకు ఒక్కో దెబ్బ. రెండో ఏడు వచ్చేసరికి ఆ చెయ్యి మిగతా చేతులలాగే లేచి పడటం నేర్చుకుంది. నాకు మళ్లీ భయం పట్టుకుంది.

తర్వాత ఆ బిల్లు వచ్చింది. ఫ్యాక్టరీలకు భూమి తీసుకోవడానికి గ్రామసభ ఒప్పుకోలు అక్కర్లేదనే బిల్లు. పార్టీ విప్ జారీ చేసింది. ధిక్కరిస్తే సభ్యత్వం పోతుంది. పొద్దున్నే అన్న రాజేశం ఫోన్ చేశాడు. ఆమె ఫోన్ నా మీద పెట్టుకుని తల వంచి వింది.

“చెల్లె, నా చేనే కాదు, ఊరంతా నీ మీదనే పాణం వెట్టుకొని ఉన్నది. యాదుంచుకో.”

“యాదికున్నదన్నా,” అంది.

మాట్లాడటానికి ఆమెకు సమయం ఇవ్వలేదు. అవును అనమన్నారు. హాలంతా అరిచింది. ఆమె పెదవులు విడిపడలేదు. నేను నమ్మలేకపోయాను. కాదు అనమన్నప్పుడూ విడిపడలేదు గానీ, పిరికిదాన్ని, నాకు అదే ఘనంగా తోచింది. బిల్లు నెగ్గిందన్నారు. బల్లలు మోగాయి. ముందు వరుసలో ఉన్న విప్ నరహరి మెల్లగా వెనక్కి తిరిగి మా వరుస చూశాడు. ఆమె చేతుల వంక చూసి కనుబొమ్మ ఎగరేశాడు, అంతే.

ఆ చెయ్యి లేచింది. నా మీద పడింది. మళ్లీ పడింది. దెబ్బ గట్టిగా లేదు, కానీ అంత చల్లటి చెయ్యి నా మీద ఎప్పుడూ పడలేదు. తీశాక తడి అచ్చు మిగిలింది. సాయంత్రం ఆమె అన్నకు ఫోన్‌లో చెప్పింది, “నేను అవును అనలేదన్నా” అని. అందులో అబద్ధం లేదు.

ఆఖరి సమావేశాలు ముగిశాక హాలుకు కొత్త సామాను వచ్చింది, మమ్మల్ని వేలం వేశారు. ఏ పొయ్యిలోకి పోతానో అని వణుకుతుంటే రాజేశం వచ్చి ఇత్తడి బిళ్ల చూసి నన్ను పాడుకున్నాడు. చెల్లెలు కూర్చున్న బల్ల అని ఊళ్లో అందరికీ చూపించాడు. పసుపు రాసి బొట్టు పెట్టాడు. అంత మర్యాదకు నాకు మరీ భయం వేసింది, ఎందుకంటే అప్పటికే ఎన్నికలు వచ్చాయి. భూమి బిల్లుకు సులోచన మద్దతిచ్చిందని అవతలి అభ్యర్థి ఊరూరా చెబుతున్నాడు. ఇయ్యకపోతే గుడికొచ్చి ప్రమాణం చెయ్యమంటున్నాడు.

“గుడి దాక ఎందుకు? మా చెల్లె కూసున్న బల్లనే మనూర్ల ఉన్నది. దీని మీద చెయ్యి వెట్టి చెప్తది,” అన్నాడు రాజేశం.

నన్ను ట్రాక్టర్ ట్రాలీ మీదికి ఎక్కించారు. అదే వేదిక. చుట్టూ ఇప్పలపల్లి జనం, పసుపు అంటిన చేతులతో. ట్రాలీ ఊగుతోందని రాజేశం నా అంచు అదిమి పట్టుకుని నిలబడ్డాడు. సులోచన ఎడమచేత్తో మైకు పట్టుకుని కుడిచెయ్యి నా మీద ఉంచింది. నా వణుకు ఆమెకు తెలిసిందో లేదో.

“ఆ దినం నా నోట్లకెళ్లి అవును అన్న మాట రాలె. ఈ బల్ల మీద ఒట్టు.”

జనం ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. ఈలలు వేశారు. రాజేశం కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గండం గడిచిందని నేనూ కాళ్లు ఊరడించుకున్నాను. అప్పుడు, ఆ చప్పట్ల హోరు వినగానే, ఆమె కుడిచెయ్యి తనంతట తానే లేచి నన్ను చరిచింది. దబ్, దబ్, దబ్. ముఖం నవ్వుతూ జనాన్నే చూస్తోంది. చేతికి మాత్రం సభే గుర్తుంది.

ఆ దెబ్బలు నాలోంచి రాజేశం చేతికి తగిలాయి. అతను ఉలిక్కిపడి ఆమె చేతిని చూశాడు. చప్పట్లు ఆగాయి. మెల్లగానే అడిగాడు గానీ, మైకు దగ్గరగా ఉండి ఊరంతటికీ వినిపించింది.

“అక్కడ గూడ గిట్లనే కొట్టినవా, చెల్లె?”

ఆమె లేదనొచ్చు. రాసినవాళ్లు లేరు, చూసినవాడు చెప్పడు, నేను మాట్లాడలేను. లేదనాలని నేను కోరుకున్నాను, అంత భయపడ్డాను ఆ ఊరి ముఖాలు చూసి.

“కొట్టిన,” అంది. “బుగులైందన్నా, భయమైంది. కొట్టిన.”

రాజేశం నా అంచు వదిలేశాడు. ట్రాలీ దిగి, జనంలోంచి, పసుపు చేల వైపు నడిచి వెళ్లిపోయాడు.

ఆమె ఓడిపోయింది. గెలిచినాయన ఫ్యాక్టరీ గురించి ఆలోచిద్దామన్నాడు, అంతలోనే సర్వే రాళ్లు దిగాయి. అంతవరకు నన్ను పశువుల కొట్టంలో పడేసిన రాజేశం, చేను తవ్వడానికి పొక్లెయిన్ వస్తోందని తెలిసిన పొద్దున నన్ను ఈడ్చుకెళ్లి చేనుదారికి అడ్డంగా వేశాడు. పసుపు ఆకు ఇంకా పచ్చగా ఉంది. తువ్వాల దులిపి నా మీదే కూర్చున్నాడు. ఊరివాళ్లు ఒక్కొక్కరే వచ్చి గట్టు మీద నిలబడ్డారు.

కాసేపటికి ఆటోలోంచి సులోచన దిగింది. వెంట ఎవరూ లేరు. రాజేశం తల తిప్పలేదు. కానీ కొంచెం జరిగాడు. ఆమె వచ్చి ఆ ఖాళీలో కూర్చుంది.

దారి మలుపులో పొక్లెయిన్ చప్పుడు మొదలైంది. నేల అదురుతోంది, నా కాళ్ల దాకా వస్తోంది. సులోచన కుడిచెయ్యి నా మీద ఆనింది. అప్పటిలాగే చల్లగా, తడిగా ఉంది. చప్పుడు దగ్గరికొచ్చింది. ఆ చెయ్యి లేవలేదు.