బంతి భోజనాల పక్కన నిలబడ్డ కారు

నేను ఒక పాత కారును. కాగితాల్లో ఎరుపని ఉంటుంది గానీ, ఎండకు వెలిసి వెలిసి ఇప్పుడు నా రంగేమిటని అడిగితే నేనే తడుముకుంటాను. మొదట ఒక డాక్టరు గారి దగ్గర, తర్వాత ఒక ఎరువుల వ్యాపారి దగ్గర పనిచేశాను. అమ్మేటప్పుడు ఇద్దరూ కూతుర్ని అత్తారింటికి పంపుతున్నట్టే ముఖం పెట్టారు. బేరం మాత్రం గట్టిగానే ఆడారు.

మూడోవాడు తణుకు కుర్రాడు మోహిత్. పద్దెనిమిది నిండగానే కారు కావాలన్నాడు. "సగం నువ్వు సంపాదించు, మిగతా సగం నేనేస్తా" అన్నాడు జెరాక్సు షాపు నడిపే తండ్రి. దాంతో మోహిత్ సెలవుల్లో క్యాటరింగ్ వాళ్లతో పెళ్లిళ్లలో వడ్డనకు వెళ్లాడు. సాంబారు బకెట్టు ఒలక్కుండా ఎలా పట్టుకోవాలో, నడుం పట్టేయకుండా ఎలా వంగాలో వాడికి నేర్పింది గంగరాజు అనే పెద్దాయన. నన్ను కొన్నరోజు వంటల దగ్గర్నుంచి నిమ్మకాయలు తెచ్చి నా చక్రాల కింద పెట్టిందీ ఆయనే. "మావోడి కష్టార్జితం ఇది" అని దారిన పోయేవాళ్లకు కూడా చెప్పాడు. నాకెంత గర్వం వేసిందో చెప్పలేను.

కాలేజీలో మాత్రం మోహిత్ నన్ను నాన్న ఇచ్చిన బహుమతి అని చెప్పుకున్నాడు.

ఒకసారి స్నేహితుడి అక్క పెళ్లికి తోటివాళ్లను ఎక్కించుకుని వెళ్లాడు. నన్ను భోజనాల షామియానా పక్కనే ఆపి, అందరూ బంతిలో కూర్చున్నారు. సాంబారు బకెట్టుతో వచ్చింది గంగరాజు.

"ఏరా అబ్బాయ్, ఇయ్యాల కూచుని తింటన్నావా? తిను తిను."

"ఈయన నీకు తెలుసా?" అన్నాడు పక్కనున్న హేమంత్.

"ఏమో, నన్ను చూసి ఎవరనుకున్నాడో" అన్నాడు మోహిత్, ఆకులోంచి తల ఎత్తకుండా.

"వీడు కార్లో వచ్చాడండీ. వాళ్ల నాన్న కొనిచ్చాడు" అని నన్ను చూపించాడు హేమంత్.

గంగరాజు నావైపు చూశాడు. "పొరపాటు పడ్డానండి. మా కుర్రోడొకడు అచ్చం ఇలాగే ఉంటాడు. సాంబారు వెయ్యమంటారా బాబుగారూ?"

నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. నడిరోడ్డు మీద ఆగిపోయి పదిమంది చేత తోయించుకున్నప్పుడు కూడా నేనింత సిగ్గుపడలేదు. నన్ను కొన్న డబ్బులో సగం ఆ బకెట్టు మోసినందుకు వచ్చిందే. అక్కణ్నుంచి తప్పుకుందామన్నా ఎవరో ఒకరు కదిలిస్తే గానీ కదలలేని బతుకు నాది.

మోహిత్ ఆ అన్నం తినలేకపోయాడు.

భోజనాలయ్యాక గంగరాజు ఖాళీ గిన్నెలతో ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డాడు. స్నేహితులు నాలో కూర్చుని చూస్తుండగానే మోహిత్ దిగి వెళ్లాడు.

"బాబాయ్, ఆ గిన్నెలిలా ఇయ్యి. మన కార్లో పెడతాను."

"వొద్దులెండి బాబుగారూ" అన్నాడు గంగరాజు, గొంతు పెంచకుండా. "నాన్నగారు కొనిచ్చిన కారు. సాంబారు మరకలు పడతాయండి."

ఆటో వచ్చింది. గిన్నెలు ఎక్కించుకుని వెళ్లిపోయాడు.