పెద్దమ్మకు గడి లేదు

పరాయి దేశపు ఓడరేవులో క్రేను నడిపే అతన్ని అందరూ కొంగ అనేవారు. మెడ అంత పొడుగు. పదకొండు దేశాల్లో మనుషులున్న ఆ కంపెనీలో, సెలవులూ వీసాలూ చూసే మేడమ్‌దీ అతనిదీ ఒకే భాష. ఆ చనువుతోనే సోమవారం పొద్దున్నే హెల్మెట్ కూడా తియ్యకుండా ఆమె గదిలోకి దూసుకొచ్చాడు.

"అమ్మకి సీరియస్ మేడమ్. ఇవాళే ఊరికి పంపించండి. మీ కాళ్ళు పట్టుకుంటా."

ఆమె కంప్యూటర్లో అతని వివరాలు తెరిచింది. తల్లి చనిపోయిందని మూడేళ్ళ కిందటే అతను వారం సెలవు తీసుకున్నాడు.

"మీ అమ్మ పోయింది కదయ్యా?"

"ఆవిడ కన్నతల్లి. ఈవిడ పెద్దమ్మ. నన్ను కన్నాక అమ్మకి మతి చలిస్తే, మూడో నెల నుంచీ ఈవిడే పెంచింది. ఈవిడ అమ్మ కాదా మేడమ్?"

సెలవు ఫారంలో అప్పటికే 'తల్లి' అని నొక్కి పంపేశాడు. నొక్కడానికి ఉన్నవి నాలుగే గళ్ళు: తల్లి, తండ్రి, భార్య, బిడ్డ. హెడ్డాఫీసు వెంటనే అడ్డుపుల్ల వేసింది. తప్పుడు సమాచారం ఇచ్చాడు, విచారణ తేలేదాకా ప్రయాణం కుదరదు అంది. అతని పాస్‌పోర్టు ఆమె బీరువాలోనే ఉంది.

"ఒక్కరోజు ఓపిక పట్టు. పద్ధతి ప్రకారం వెళ్దాం," అంది.

ఆ ఒక్కరోజు రెండురోజులైంది.

హెడ్డాఫీసులో కూర్చునే పెద్దాఫీసరు చెడ్డవాడేం కాదు. తెరమీద కనిపిస్తూ అంతా ఓపిగ్గా విన్నాడు. కానీ అతని భాషలో పెద్దమ్మకీ, పిన్నికీ, మేనత్తకీ కలిపి ఒకటే మాట.

"అయితే బంధువు," అన్నాడు.

"కాదు సార్. తల్లి తర్వాత తల్లి."

"దత్తత కాగితం ఉందా?"

"అక్కచెల్లెళ్ళ మధ్య కాగితాలేంటి సార్? ఎత్తుకుంటే అయిపోయింది!"

"ఒకరికి ఒప్పుకుంటే పదకొండు దేశాల్లోనూ ఒప్పుకోవాలమ్మా."

బుధవారం మధ్యాహ్నం కొంగ ఆమె గుమ్మంలోనే కూలబడ్డాడు. "ఫోను అమ్మ చెవి దగ్గర పెట్టారు మేడమ్. నేను మాట్లాడుతుంటే పెదాలు కదిలాయంట. మాట మాత్రం రాలేదు."

ఇక ఆమె ఆగలేకపోయింది. బీరువా తెరిచి పాస్‌పోర్టు తీసింది. అనుమతి కాగితం మీద తనే సంతకం చేసి ముద్ర గుద్దింది.

"పరిగెత్తు," అంది.

మర్నాడు అతనే ఫోన్ చేశాడు. "అందలేదు మేడమ్. పొద్దున్నే పోయింది. ఒక్కపూట తేడా."

రెండురోజులు పద్ధతి అంటూ కూర్చున్నది తనేనని ఆమెకు తెలుసు. అతను నాలుగు తిట్టినా ప్రాణం తేలికపడేది.

"మీరేం చేస్తారు లెండి. మీ దయవల్ల మొహమైనా చూసుకున్నా," అన్నాడతను.

పెద్దాఫీసరు గొంతు పెంచలేదు. క్రేను డ్రైవర్ని తొలగిస్తున్నట్టు ఉత్తరం రాయమన్నాడు. ఆమె రాయనంది. శుక్రవారానికి వేరెవరో రెండు తొలగింపు ఉత్తరాలు రాశారు, అతనికొకటి, ఆమెకొకటి.

కాగితం కంటే ముందు తన నోటితో చెప్పడమే న్యాయమనుకుని ఆమె ఫోన్ చేసింది. అవతల ఇంటినిండా ఏడుపులు.

"పని గురించి ఓ మాట చెప్పాలయ్యా..."

"పదిరోజుల్లో వచ్చేస్తా మేడమ్. ఈలోగా నా క్రేను ఎవరికీ ఇవ్వనివ్వకండి. మీరున్నారన్న ధైర్యంతోనే ఉన్నా."

ఆమె కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అలాగే," అంది.