పెంబినా పొద మీద తాగుబోతులు

తొలి మంచు పడిన ఉదయం రోసాలీ భర్త ఆంబ్రోయిస్ చనిపోయాడు. ఆ ఊళ్లో పెంబినా అనే పుల్లటి చిన్న పళ్లు కోసేది ఆ మంచుకే. ఆ రోజు పొద దగ్గరికి ఎవరు వెళ్తారు? పళ్లు కొమ్మల మీదే ఎర్రగా ఉండిపోయాయి.

మార్చిలో అతని పుట్టినరోజు విందు రేపనగా రోసాలీకి గుబులు పట్టుకుంది. మూస్ దుప్పి మాంసం పక్కన పెంబినా జెల్లీ లేనిదే ఆ ఇంట్లో విందు విందు కాదు. ఏటా ఆ జెల్లీ వండింది అతనే. ఈసారి తన చేత్తో వండి అతని కుర్చీ ముందు ఒక గిన్నెడు పెట్టాలనుకుంది.

బకెట్ తీసుకుని, ఆడపడుచు ఒడీల్‌ను వెంటపెట్టుకుని పెరట్లోకి నడిచింది. తాతల నాటి కట్టుబాటు ఒకటే: చేతికి అందినవి మనవి, అందనివి పిట్టలవి. కానీ ఈ ఏడు మంచు ఎత్తుగా పేరుకుని గట్టిపడింది. దాని మీద నిలబడి చెయ్యెత్తితే పొద తల అందుతోంది.

"అన్నీ మనవే వదినా!" అంది ఒడీల్.

"సిగ్గులేదూ? మీ అన్నయ్య ఉంటే చెవి మెలేసేవాడు."

"అన్నయ్యా! చిన్నప్పుడు నా భుజాలెక్కి కోసేవాడు. పైగా 'కదలకే గాడిదా' అనేవాడు."

రోసాలీ నోరెళ్లబెట్టింది. ముప్పై ఏళ్లు ఆ కట్టుబాటు గురించి ఆమెకు పాఠాలు చెప్పిన మనిషి!

అంతలో తల మీద కుచ్చున్న జుట్టుపిట్టల గుంపు పొద మీద వాలింది. గడ్డకట్టి, కరిగి, మళ్లీ గడ్డకట్టి ఆ పళ్లు లోపల పులిసిపోయాయి. పిట్టలు ముక్కునుంచి ముక్కుకు పండందించుకుంటూ మింగాయి. కాసేపటికి ఒకటి కొమ్మ అనుకుని గాలి మీద వాలబోయి దబ్బున పడింది. ఇంకొకటి ఒడీల్ టోపీ మీద కూర్చుని తూలింది.

"అచ్చం మా లూసియెన్ బాబాయే! ఓ పెళ్లిలో తాగి ఇట్లాగే పడ్డాడు వదినా, కేకు మీద!"

రోసాలీ పగలబడి నవ్వింది. నవ్వలేక మంచులో కూలబడింది. పక్కింటి పిల్లి కంచె దూకడం చూసి గభాలున లేచి, బకెట్లో శాలువా పరిచి, పడిన పిట్టనల్లా ఏరి అందులో పడుకోబెట్టింది.

"పళ్లో?" అంది ఒడీల్.

"ముందు వీళ్ల మత్తు దిగనీ."

మత్తు దిగినవి దిగినట్టే మళ్లీ పొదెక్కి తిన్నాయి. సాయంత్రానికి కొమ్మలు ఖాళీ అయ్యాయి.

విందు రేపే. జెల్లీ వండలేదు. అయినా రోసాలీ శాలువా దులుపుకుని, ఇంకా నవ్వుకుంటూనే ఇంట్లోకి నడిచింది.